మంచి పనే కదా, తప్పేముంది?

రజబ్ నెల సగం గడిచిందంటే చాలు, మన ఇళ్లలో ఏటా లేచే చర్చ ఒకటి మళ్లీ లేస్తుంది. రజబ్ 27న 'హజారీ రోజా' ఉండాలా, వద్దా? ఆ చర్చ చల్లారకముందే, మూడు వారాలు తిరక్కుండానే షబె బరాత్ వస్తుంది. 15వ షాబాన్ ఉపవాసం సున్నతా, బిద్అతా? హల్వా వండవచ్చా, కూడదా? రాత్రి జాగారం చేయవచ్చా? ప్రశ్నలు వేరువేరుగా కనిపిస్తాయిగాని, వాటి వెనుక ఉన్న ప్రశ్న ఒక్కటే. "మంచి పనే కదా, అల్లాహ్ కోసమే కదా చేస్తున్నాం, ఇందులో తప్పేముంది?"

ఇలాంటి ఇల్లు మనలో చాలామందికి తెలిసిందే. అమ్మీ నలభై ఏళ్లుగా రజబ్ 27న రోజా ఉంటోంది. ఆ ఒక్క రోజాకు వెయ్యి రోజాల పుణ్యం లభిస్తుందని వాళ్ల అమ్మ చెప్పింది, ఆమెకు వాళ్ల అమ్మ చెప్పింది. ఈమధ్యే గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన కొడుకు నాలుగు దర్సులు విని ఉన్నాడు. సహరీకి లేచిన తల్లితో, "ఇది బిద్అత్ అమ్మీ, నరకానికి దారి" అన్నాడు. ఆమె ఆ రోజంతా కన్నీళ్లతో ఉపవాసం ఉంది. సాయంత్రం ఇఫ్తార్ దస్తర్ఖాన్ దగ్గర తల్లీకొడుకులు మాట్లాడుకోలేదు. వీరిలో ఎవరిది తప్పు? తొందరపడి తీర్పు చెప్పకుండా మనం నిదానంగా ఆలోచించవలసిన విషయమిది.

ముందు తల్లి మాటే తీసుకుందాం. ఆమె వాదనకు బలం లేకపోలేదు. కర్మలన్నీ సంకల్పాల మీదే ఆధారపడి ఉంటాయని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఆమె సంకల్పంలో ప్రదర్శనా బుద్ధి లేదు, ప్రాపంచిక లాభం లేదు. పైగా ఉపవాసం గొప్ప ఆరాధన. రజబ్ సాధారణమైన నెల కూడా కాదు. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో పేర్కొన్న నాలుగు పవిత్ర మాసాలలో అది ఒకటి. సంకల్పం మంచిది, ఆచరణ మంచిది, మాసం మంచిది. మూడు మంచి విషయాలు కలిస్తే చెడ్డది ఎలా అవుతుంది?

దీనికి సమాధానం విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జువైరియా (రజి) ఇంట్లో దొరుకుతుంది. ఒక శుక్రవారం దైవప్రవక్త (స) ఆమె ఇంటికి వచ్చారు. ఆమె ఉపవాసంతో ఉన్నారు. నిన్న ఉపవాసం ఉన్నావా అని ఆయన అడిగారు. లేదన్నారామె. రేపు ఉండే ఉద్దేశ్యం ఉందా అని అడిగారు. దానికీ లేదన్నారు. అయితే ఉపవాసం విరమించు అని ఆయన చెప్పారు. ఈ సంఘటన బుఖారీలో ఉంది. ఒకసారి ఆలోచించండి. ఆమె సంకల్పాన్ని ఎవరు శంకించగలరు? ఉపవాసం శ్రేష్ఠమైనదే. శుక్రవారం వారంలోకెల్లా శ్రేష్ఠమైన రోజు. అయినా ఆ రోజును ప్రత్యేకించి ఉపవాసం ఉండడాన్ని ఆయన ఆపించారు. శుక్రవారానికి ముందో వెనుకో ఒక రోజు కలిపి ఉంటే అభ్యంతరం లేదని ఇతర హదీసుల ద్వారా కూడా తెలుస్తోంది.

అంటే ఒక ఆరాధన స్వీకారయోగ్యం కావడానికి చిత్తశుద్ధి అవసరమేగాని, చిత్తశుద్ధి ఒక్కటే సరిపోదు. దాని వేళను, రూపాన్ని, ప్రతిఫలాన్ని నిర్ణయించే హక్కు దాసునిది కాదు. మన ఈ ధర్మంలో లేనిదాన్ని కొత్తగా కల్పిస్తే అది తిరస్కరించబడుతుందని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు చెబుతున్నది ఇదే.

ఇక్కడ ఆలోచనాపరులైన పాఠకులు ఒక అభ్యంతరం లేవదీయవచ్చు. హజ్రత్ బిలాల్ (రజి) వుజూ చేసినప్పుడల్లా రెండు రకాతుల నమాజ్ చేసుకునేవారు. ఆ అలవాటును ఆయన తనంతట తానే పెట్టుకున్నారు. దైవప్రవక్త (స) దాన్ని మెచ్చుకున్నారు. మరి మన పెద్దలు పెట్టుకున్న అలవాటు మీద మాత్రం ఇంత విచారణ ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. అయితే హజ్రత్ బిలాల్ (రజి) ఆచరణకు ఆమోదముద్ర వేయడానికి దైవప్రవక్త (స) వారి మధ్యే ఉన్నారు, వహీ అవతరిస్తున్న కాలమది. తప్పయితే సరిదిద్దడం జరిగేది, హజ్రత్ జువైరియా (రజి) విషయంలో జరిగినట్టే. ఆ తలుపు ఇప్పుడు మూసుకుపోయింది. ఇంకో సంగతి, బిలాల్ (రజి) ఆ రెండు రకాతులకు ఇంత పుణ్యమని ఎవరికీ ప్రకటించలేదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

నఫిల్ ఉపవాసానికి అల్లాహ్ ఎంతో విశాలమైన వెసులుబాటు ఇచ్చాడు. రెండు పండుగ రోజులు, బక్రీద్ తర్వాతి మూడు తష్రీక్ దినాలు, మరికొన్ని ప్రత్యేక సందర్భాలు మినహా ఏడాదిలో దాదాపు ఏ రోజైనా ఉండవచ్చు. ఆ లెక్కన రజబ్ 27న ఆకలితో ఉండడంలో దోషం ఏమీ లేదు. దోషమల్లా 'హజారీ' అనే మాటలో ఉంది. వెయ్యి ఉపవాసాల పుణ్యం ఇస్తానని ఎవరు చెప్పారు? పుణ్యం ఇచ్చేది అల్లాహ్. ఎంత ఇస్తాడో ఆయన చెప్పాలి, లేదా ఆయన ప్రవక్త చెప్పాలి. ఎనిమిదవ, తొమ్మిదవ హిజ్రీ శతాబ్దాల మహా హదీసువేత్త హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మ) రజబ్ విశిష్టత గురించిన ఉల్లేఖనాలన్నిటినీ పోగుచేసి పరిశీలించడానికే ప్రత్యేకంగా 'తబ్యీనుల్ అజబ్' అనే గ్రంథం రాశారు. రజబ్ ఉపవాసానికి గాని, అందులోని ఏదైనా ఒక ప్రత్యేక దినం ఉపవాసానికి గాని ప్రామాణికమైన, ఆధారంగా నిలబడగల హదీసు లేదని ఆయన తేల్చారు. మేరాజ్ సంఘటన సత్యం, అందులో సందేహం లేదు. కాని అది ఏ తేదీన జరిగిందన్న విషయంలో చరిత్రకారుల మధ్యే ఏకాభిప్రాయం లేదు.

ఒక ఉపమానం చూడండి. ఇల్లు కట్టించుకుంటున్న యజమాని ఒక్క మాటా చెప్పకుండానే, మధ్యలో మేస్త్రీ వెళ్లి, "రేపు ఆదివారం పనికి రండి, అయ్యగారు పది రోజుల కూలి ఒక్కరోజుకే ఇస్తానన్నారు" అని కూలీలను పిలుచుకొచ్చాడనుకోండి. మేస్త్రీ చెప్పింది అబద్ధం. యజమాని దయాళువై, నమ్మి వచ్చిన అమాయకులకు నిజంగానే ఏదో ఇచ్చి పంపినా మేస్త్రీ అబద్ధం నిజమైపోదు. అలాగని, నమ్మి వచ్చి ఎండలో పనిచేసిన కూలీ నేరస్థుడూ కాడు. అతనికి ఏమివ్వాలో యజమాని చూసుకుంటాడు. పక్కింటివాడు వచ్చి "నీకు పైసా రాదు, పైగా శిక్ష పడుతుంది" అని కేకలేయడం తగదు.

మన తల్లులు, నానీలు, దాదీలు ఆ కూలీ వంటివారే. ఆచరణ గురించి తీర్పు వేరు, ఆచరించే మనిషి గురించి తీర్పు వేరు. మొదటిది ఆధారాలను బట్టి ధర్మపండితులు చెప్పగలరు. రెండవది హృదయాలు ఎరిగిన అల్లాహ్ చేతిలో ఉంది. ఆ ఇంటి కొడుకు ఈ రెండింటినీ కలిపేశాడు. అతను చెప్పిన విషయంలో బలం ఉంది. కాని తల్లికి నరకాన్ని ఖాయం చేసే అధికారం అతనికి ఎవరిచ్చారు? షిర్క్ చేయమని బలవంతపెట్టే తల్లిదండ్రుల మాట వినవద్దని ఆదేశించిన లుఖ్మాన్ సూరాలోనే, ప్రాపంచిక జీవితంలో వారితో మంచిగా మెలగమని కూడా అల్లాహ్ ఆదేశించాడు. షిర్క్ విషయంలోనే ఇలా ఉంటే, ఒక నఫిల్ రోజా విషయంలో మనం ఎలా మెలగాలి?

షబె బరాత్ సంగతి రజబ్ 27 లాంటిది కాదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని మా అభిప్రాయం. షాబాన్ మాసానికి ప్రామాణికమైన విశిష్టత ఉంది. రమజాన్ తప్ప మరే నెలనూ దైవప్రవక్త (స) పూర్తిగా ఉపవాసాలతో గడపగా తాను చూడలేదనీ, షాబాన్‌లో ఉన్నన్ని నఫిల్ ఉపవాసాలు మరే నెలలోనూ ఉండగా చూడలేదనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఇది బుఖారీ, ముస్లింలలో ఉంది. రజబ్‌కూ, రమజాన్‌కూ మధ్య ఉన్న ఈ నెలను జనం పట్టించుకోరని ఆయన (స) అన్నట్లు హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) ఉల్లేఖనం నసాయీలో ఉంది. ఇక నెల మధ్య రాత్రి ఆరాధనలో గడిపి, పగలు ఉపవాసం ఉండమని చెప్పే హదీసు ఇబ్నె మాజాలో ఉంది. దాని పరంపరలోని ఇబ్నె అబీ సబ్రా అనే ఉల్లేఖకుడు హదీసులు కల్పించేవాడని ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) వంటివారు చెప్పారు. కాబట్టి 15వ షాబాన్ ఉపవాసాన్ని ప్రత్యేక సున్నత్ అని చెప్పడానికి ఆ హదీసు ఆధారం కాజాలదు.

రాత్రి విషయంలో భేదాభిప్రాయం మన కాలంలో పుట్టింది కాదు. సిరియా ప్రాంతానికి చెందిన ఖాలిద్ బిన్ మాదాన్, మక్‌హూల్ (రహ్మ) వంటి తాబయీలు ఆ రాత్రిని ఆరాధనలో గడిపేవారనీ, హిజాజ్ పండితులలో అతా (రహ్మ) వంటివారు దాన్ని అంగీకరించలేదనీ ఇబ్నె రజబ్ హంబలీ (రహ్మ) తమ 'లతాయిఫుల్ మఆరిఫ్' గ్రంథంలో రాశారు. బిద్అత్‌లను కఠినంగా ఖండించిన ఇబ్నె తైమియా (రహ్మ) సైతం, 15వ తేదీన ఒక్క ఉపవాసాన్ని ప్రత్యేకించడానికి ఆధారం లేదంటూనే, ఆ రాత్రి వ్యక్తిగతంగా నమాజ్ చేసుకునే పూర్వీకులు ఉండేవారని ఒప్పుకున్నారు. అంతటివారు భేదించుకున్న విషయంలో, మన గల్లీలో మనం ఒకరినొకరు ధర్మం నుంచి వెలివేసుకోనవసరం లేదు.

ఆ రాత్రి గురించి వచ్చిన ఉల్లేఖనాలలో కాస్త బలంగా నిలిచేది ఒకటుంది. అల్లాహ్ ఆ రాత్రి తన సృష్టి వైపు దృష్టి సారించి అందరినీ క్షమిస్తాడని, ఇద్దరిని తప్ప. ఒకడు షిర్క్ చేసేవాడు. రెండోవాడు తోటివారిపై ద్వేషం పెట్టుకున్నవాడు. దీని పరంపరలు విడివిడిగా బలహీనమైనా, అన్నిటినీ కలిపి చూసి షేక్ అల్బానీ (రహ్మ) వంటి హదీసువేత్తలు స్వీకరించారు. ఈ ఉల్లేఖనాన్ని ఒప్పుకోని సోదరుల కోసం ఏ వివాదం లేని హదీసు కూడా ఉంది. ప్రతి సోమవారం, గురువారం స్వర్గ ద్వారాలు తెరువబడతాయనీ, షిర్క్ చేయనివారికి క్షమాపణ లభిస్తుందనీ, పరస్పరం పగబట్టిన ఇద్దరిని మాత్రం వారు రాజీపడేదాకా ఆపి ఉంచమని ఆదేశం అవుతుందనీ హజ్రత్ అబూ హురైరా (రజి) ద్వారా ముస్లిం గ్రంథంలో ఉంది.

ఇప్పుడు మన స్థితి చూడండి. ఏ రాత్రి ద్వేషం వదిలితే క్షమాపణ లభిస్తుందని చదువుకుంటున్నామో, ఆ రాత్రి పేరు మీదే ద్వేషం పెంచుకుంటున్నాం. అన్న ఇంటి నుంచి వచ్చిన హల్వా పళ్లేన్ని తమ్ముడు వాకిట్లోంచే తిప్పి పంపుతాడు. హల్వా తిననివాళ్ల ఇంటికి పిల్లనివ్వం అని అవతలివారు శపథం పడతారు. ఇద్దరూ తాము ధర్మాన్ని కాపాడుతున్నామనే అనుకుంటారు! యువకుల సంగతి చెప్పనే అక్కరలేదు. జాగారం పేరుతో బైకులేసుకుని తిరిగేవారి వల్ల హైదరాబాదులో ఆ రాత్రి ఫ్లైఓవర్లు మూసివేయవలసి వస్తోంది. ఇది ఏ మజ్హబ్‌లో ఉందో ఎవరైనా చెప్పాలి.

హల్వా విషయానికే వస్తే, అది వంటకం. రవ్వ, నెయ్యి, చక్కెర ఏ తేదీన కలిసినా హలాలే. ఆ రోజున వండడం ధర్మవిధి అనుకోవడం, అప్పు చేసి మరీ వండడం, వండనివారిని చిన్నచూపు చూడడం తప్పు. అల్లాహ్‌కు తప్ప మరెవరికైనా మొక్కుబడిగా అర్పించినదైతే దాన్ని తినకూడదు. అలాగని ప్రతి పళ్లేన్నీ అనుమానంతో చూడనక్కరలేదు. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు మాంసం తెచ్చి ఇస్తున్నారు, దాన్ని కోసేటప్పుడు అల్లాహ్ పేరు పలికారో లేదో తెలియదని కొందరు దైవప్రవక్త (స)ను అడిగారు. మీరు అల్లాహ్ పేరు పలికి తినండి అన్నారాయన. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ సంగతి బుఖారీలో ఉంది. ఇక రజబ్ 22 నాటి కుండేల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఇమామ్ జాఫర్ సాదిఖ్ (రహ్మ) హిజ్రీ 148లో షవ్వాల్ నెలలో మరణించారు. ఆయన జన్మదినానికి గాని, మరణానికి గాని ఆ తేదీతో సంబంధం లేదు. ఖీర్-పూరీలు కూర్చున్న చోటే తినాలి, గడప దాటించకూడదు అనే నియమాలు, కట్టెలు కొట్టేవాని కథ, వీటికి ఖుర్ఆన్‌లో గాని, హదీసులో గాని ఆధారం లేదు.

కల్పితమైనవి చేరినప్పుడు జరిగే అసలు నష్టం వేరే ఉంది. అవి ఉన్నవాటి చోటు ఆక్రమిస్తాయి. ఆషూరాను చూడండి. ఆ ఒక్క ఉపవాసం గత ఏడాది పాపాలకు పరిహారమవుతుందని తాను ఆశిస్తున్నట్లు దైవప్రవక్త (స) చెప్పారని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ద్వారా ముస్లింలో ఉంది. ఇది ప్రామాణికమైన వాగ్దానం. హిజ్రీ 61లో కర్బలా సంఘటన జరగడానికి ఎంతో ముందే ఆయన ఆ ఉపవాసం పాటించారు, మూసా (అలై) ప్రజలకు విముక్తి లభించిన రోజని. కాని మన తెలుగు పల్లెల్లో ముహర్రం అంటే పీర్ల పండుగ, అలావా, షర్బత్, ఆ నెలలో పెళ్లిళ్లు చేయకూడదన్న భయం. ఆషూరా రోజా ఎంతమంది ఇళ్లలో ఉంటున్నారో ఎవరికి వారు లెక్క చూసుకోవచ్చు. లేని వెయ్యి కోసం వెంపర్లాడుతూ ఉన్న ఒకటిని వదిలేశాం.

అంతకంటే బాధాకరమైనది ఇంకొకటి. రుతుస్రావం, ప్రసవం, పాలివ్వడం వంటి కారణాలతో మన స్త్రీలకు ఏటా కొన్ని రమజాన్ ఉపవాసాలు తప్పుతాయి. వాటిని తర్వాత పూర్తిచేయడం ఫర్జ్. హజ్రత్ ఆయిషా (రజి) సైతం తప్పిపోయిన ఉపవాసాలను షాబాన్ నెలలో పూర్తిచేసుకునేవారు. మన ఇళ్లలో ఏళ్ల తరబడి ఖజా ఉపవాసాలు అలాగే మిగిలి ఉంటాయి, హజారీ రోజా మాత్రం ఒక్క ఏడాదీ తప్పదు. వెయ్యి వచ్చాక ఇక పాత ఐదారు ఎందుకులే అన్న ధీమా కూడా కొందరిలో ఉంది. ఇది ఎలా ఉందంటే, తీర్చవలసిన అప్పు అలాగే ఉంచి, అప్పిచ్చినవానికే పండుగకు కానుక పంపినట్టు ఉంది. కానుక తప్పు కాదు, కాని అప్పు తీరలేదు. నిజానికి ఆ అమ్మీకి చెప్పవలసిన మాట ఇది. ఇది ఆమె చేస్తున్నదాన్ని లాగేసుకునే మాట కాదు, ఆమెకు ఆకలితో పుణ్యం సంపాదించే సరైన చోటు చూపే మాట.

చెప్పే తీరు ఎలా ఉండాలో హజ్రత్ సల్మాన్ (రజి) చూపించారు. ఆయన తన ధర్మ సోదరుడు హజ్రత్ అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్లారు. అబూ దర్దా భోజనం పెట్టించి, నేను ఉపవాసంతో ఉన్నాను, మీరు తినండి అన్నారు. మీరు తింటేనే తింటానన్నారు సల్మాన్. ఆయన నఫిల్ ఉపవాసం విరమించి అతిథితో కలిసి తిన్నారు. రాత్రంతా నమాజ్‌లో గడపబోతే ఆపి పడుకోబెట్టారు, చివరి జాములో లేపి ఇద్దరూ కలిసి నమాజ్ చేశారు. నీ ప్రభువుకు నీపై హక్కుంది, నీ శరీరానికి ఉంది, నీ ఇంటివారికి ఉంది అని అప్పుడు చెప్పారు. సల్మాన్ చెప్పింది నిజమేనని దైవప్రవక్త (స) సమర్థించారు. ముందు కలిసి తిన్నారు, కలిసి లేచారు, మాట ఆ తర్వాత చెప్పారు. (హనఫీ మస్లక్ ప్రకారం, మొదలుపెట్టిన నఫిల్ ఉపవాసాన్ని విరమిస్తే మరో రోజు దానికి బదులు ఉండాలి. మన ప్రాంతంలో ఎక్కువమంది హనఫీలే కాబట్టి ఇది గుర్తుచేస్తున్నాం.)

మరి ఆ ఇంట్లో ఏం చేయాలి? కొడుకు షాబాన్ నెల 13, 14, 15 తేదీలలో తల్లితో కలిసి తానూ ఉపవాసం ఉండవచ్చు. ప్రతి చాంద్రమాన మాసంలో ఈ మూడు రోజుల ఉపవాసాలను దైవప్రవక్త (స) ప్రోత్సహించారు. వీటి విషయంలో ఎవరికీ వివాదం లేదు. ఆమెకు ఇష్టమైన 15వ తేదీ అందులోనే ఉంది. ఆకలి అదే, రోజు అదే, దస్తర్ఖాన్ అదే. మధ్యలోంచి తొలగిపోయింది ఆధారం లేని ఒక మాట మాత్రమే. సోమ, గురువారాలూ ఉన్నాయి. రమజాన్ తర్వాత షవ్వాల్‌లో ఆరు ఉన్నాయి. జిల్హజ్ 9న అరఫా ఉపవాసం ఉంది, దానికి రెండేళ్ల పాపాల పరిహారాన్ని ఆశించవచ్చని హదీసులో ఉంది. ఆశపడే హృదయానికి సున్నత్‌లో కొదవ లేదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం గోడ మీది క్యాలెండర్ దించి, తల్లి పక్కన కూర్చుని, ఆమెకు తప్పిపోయిన రమజాన్ ఉపవాసాలు ఎన్ని ఉంటాయో కలిసి లెక్క వేయాలి. సరిగ్గా గుర్తులేకపోతే, తక్కువ కాకూడదనుకుని తన మనసుకు ఖాయమనిపించిన సంఖ్యను తీసుకోవాలి. శక్తి ఉంటే వారానికి ఒకటో రెండో చొప్పున వచ్చే రమజాన్‌లోపు మొదలుపెట్టాలి. వరుసగా ఉండాలన్న నిబంధన లేదు. వయసు మీరి, లేదా నయంకాని జబ్బుతో ఇక ఎన్నటికీ ఉండలేని స్థితి అయితే, ఒక్కో ఉపవాసానికి ఒక నిరుపేదకు భోజనం చొప్పున ఫిద్‌యా ఇవ్వాలి. ఆ లెక్క కాగితం ఆమె దగ్గరే ఉంచి, పూర్తయిన ప్రతి ఉపవాసానికి ఎదురుగా ఆమె చేతే ఒక గీత పెట్టించాలి.